పికప్ ట్రక్కుల్లో ఇన్‌లైన్ సిక్స్, వీ6, వీ8 ఇంజన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మన ఊళ్ళో "బండికి పికప్ బాగుంది" అంటే యాక్సిలరేటర్ తొక్కగానే ఉరుకుతుందని అర్థం. ఇక్కడ టెక్సాస్‌లో పికప్ అంటే వెనక తొట్టి ఉన్న ట్రక్కు. డాలస్‌కు ఉత్తరాన నాలుగైదు ఎకరాలు కొనుక్కున్నవాళ్ళు, పడవ లాగాలనుకునేవాళ్ళు, వినాయక చవితికి మండపం సామాను మోసేవాళ్ళు ఇలాంటి ట్రక్కు కోసం వెతుకుతూ నాకు ఫోన్ చేస్తుంటారు. అడిగేవి మాత్రం ఎప్పుడూ అవే సందేహాలు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు, వరసగా చదవాల్సిన పని లేదు.

## ముందు అర్థం చేసుకోవడానికి

ఇన్‌లైన్ సిక్స్ అన్నా వీ6 అన్నా ఆరు సిలిండర్లే కదా, తేడా ఏముంది?

సిలిండర్లు అమర్చిన తీరులో తేడా. ఇన్‌లైన్ సిక్స్‌లో ఆరు సిలిండర్లూ బడి పిల్లల్లా ఒకే వరసలో నిలబడి ఉంటాయి. వీ6లో మూడు ఇటు, మూడు అటు వాలి ఉంటాయి, ముందునుంచి చూస్తే ఇంగ్లిష్ అక్షరం 'వీ' లాగా. మొదటిది పొడుగ్గా, సన్నగా ఉంటుంది. రెండోది పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది.

దీనివల్ల సామాను లెక్క కూడా మారుతుంది. ఇన్‌లైన్ ఇంజనుకు ఒకటే సిలిండర్ హెడ్, ఒకటే హెడ్ గాస్కెట్, ఒకటే ఎగ్జాస్ట్ వైపు. వీ ఇంజనుకు ఇవన్నీ రెండేసి. నేటి తరహాలో హెడ్ మీదే క్యామ్‌షాఫ్ట్‌లు, అంటే వాల్వులు తెరిచే కడ్డీలు, ఉండే ఇంజనయితే ఇన్‌లైన్ సిక్స్‌కు రెండు క్యామ్‌షాఫ్ట్‌లు చాలు, వీ6కు నాలుగు కావాలి.

ఇన్‌లైన్ సిక్స్ చాలా స్మూత్ అంటారు. నిజమేనా, లేక అమ్మేవాళ్ళ మాటా?

నిజమే. ఇది లెక్కల్లోనే ఉంది. రోటి చుట్టూ ముగ్గురు నిలబడి వంతులవారీగా రోకలి పోటు వేయడం చూసినవాళ్ళకు సులువుగా అర్థమవుతుంది. ఈ ఇంజనులో పిస్టన్లు జతలుగా కదులుతాయి: ఒకటి-ఆరు, రెండు-ఐదు, మూడు-నాలుగు. జతకూ జతకూ మధ్య 120 డిగ్రీల తేడా. ఒక జత వల్ల పుట్టే ఊపును మిగతా రెండు జతలూ కలిసి సరిగ్గా రద్దు చేస్తాయి.

అసలు కిటుకు ఇంకొకటి ఉంది. ముందు మూడు సిలిండర్లు చేసే పనినే వెనక మూడు అద్దంలో బొమ్మలా చేస్తాయి. కావడికి రెండు వైపులా సమానమైన బరువు కట్టినట్టన్నమాట. అందుకే ఇంజను ముందు కొస లేవడం, వెనక కొస దిగడం అనేది ఉండదు. వీ6లో ఒక్కో వైపు మూడే సిలిండర్లు, వాటికి ఎదురు బొమ్మ లేదు. అందువల్ల ఇంజను ఉయ్యాల బల్లలా ముందూ వెనకా ఊగాలని చూస్తుంది. కొన్ని వీ6లలో దాన్ని అణచడానికి ప్రత్యేకంగా బ్యాలెన్స్ షాఫ్ట్ పెడతారు, మిగిలినదాన్ని ఇంజను కింది రబ్బరు మౌంట్లు మింగేస్తాయి. మంచి వీ6లో కూర్చుంటే ఆ ఊగు మీకు తెలియకపోవచ్చు. అది లేక కాదు, మీదాకా రానివ్వరు, అంతే.

మా పక్కింటి పెద్దాయన దగ్గర 1980ల తొలినాళ్ళ ఫోర్డ్ ఎఫ్-150 ఉంది, 4.9 లీటర్ల ఇన్‌లైన్ సిక్స్. ఒక శనివారం పొద్దున బానెట్ ఎత్తి, ఇంజను నడుస్తుండగానే దాని పైమూత మీద ఐదు సెంట్ల బిళ్ళను అంచు మీద నిలబెట్టాడు. ఫ్యాన్ తిరుగుతోంది, బెల్టు తిరుగుతోంది, బిళ్ళ మాత్రం పడలేదు. నలభై ఏళ్ళ బండి అది. నాకు ఈ ఇంజన్ల మీద ప్రేమ మొదలైంది ఆ రోజే.

మరి వీ8 ఇంకా స్మూత్ కదా, రెండు సిలిండర్లు ఎక్కువే ఉన్నాయిగా?

వీ8 కూడా చాలా నున్నగా నడుస్తుంది. ట్రక్కుల్లో వాడే వీ8లలో క్రాంక్‌షాఫ్ట్‌ను, అంటే పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసును, ముందునుంచి చూస్తే కూడిక గుర్తులా ఉంటుంది. దానికి బరువైన లోహపు దిమ్మెలు తగిలించి ఊపును సరిచేస్తారు. పైగా ప్రతి 90 డిగ్రీలకు ఒక సిలిండర్ మండుతుంది, ఆరు సిలిండర్ల ఇంజనులో 120కి ఒకటి. అందువల్ల వీ8లో శక్తి ఇంకాస్త ఎడతెగకుండా అందుతుంది. నన్నడిగితే ఇన్‌లైన్ సిక్స్, వీ8 పక్కపక్కన నిలుస్తాయి, వీ6 ఒక మెట్టు కింద ఉంటుంది.

ఇంత మంచిదైతే మధ్యలో ఇన్‌లైన్ సిక్స్ ఎందుకు మాయమైపోయింది?

దీనికి కొంచెం చరిత్ర చెప్పాలి. అమెరికా ట్రక్కుల్లో ఒకప్పుడు రాజ్యమేలింది ఇదే. 1929లో షెవర్లే "నాలుగు సిలిండర్ల ధరకే ఆరు" అని ఇన్‌లైన్ సిక్స్‌ను సామాన్యుల కార్లలోకి, ట్రక్కుల్లోకి తెచ్చింది. 1932లో ఫోర్డ్ చవక వీ8తో జవాబు చెప్పింది. 1955లో షెవర్లే చిన్న సైజు వీ8 వచ్చాక జనానికి వీ8 రుచి బాగా తగిలింది. అయినా రైతులు, కాంట్రాక్టర్లు, కంపెనీల బండ్లు మాత్రం ఇన్‌లైన్ సిక్స్‌నే నమ్ముకున్నాయి. ఫోర్డ్ 300 క్యూబిక్ అంగుళాల ఇంజను, అంటే మనం 4.9 లీటర్లు అనేది, 1965 నుంచి 1996 దాకా వాళ్ళ పికప్‌లలో నడిచింది.

దాన్ని పక్కకు నెట్టింది ఫ్యాక్టరీ లెక్కలే. వీ8 తయారయ్యే యంత్రాల మీదే, రెండు సిలిండర్లు తగ్గించి వీ6 చేసుకోవచ్చు. జీఎం 4.3 లీటర్ల వీ6 అలా పుట్టినదే. పొడుగు ఇంజనుకు విడిగా యంత్రాలు ఎందుకు పెట్టాలి? దానికి తోడు కార్లు ముందు చక్రాలతో నడిచే పద్ధతికి మారాయి, అందులో ఇంజను అడ్డంగా కూర్చోవాలి, పొడుగు ఇంజను పట్టదు. గుద్దుకున్నప్పుడు బండి ముందు భాగం నలగడానికి ఖాళీ వదలాలన్న ఆలోచన కూడా పొట్టి ఇంజన్లకే కలిసొచ్చింది. 1997 మోడల్ ఎఫ్-150లో ఆ పాత సిక్స్ స్థానంలోకి 4.2 లీటర్ల వీ6 వచ్చింది.

ఇప్పుడు మళ్ళీ ఎందుకు తెస్తున్నారు?

టర్బో వల్ల, అంటే పొగ బలంతో గాలిని ఇంజనులోకి కుక్కే పరికరం వల్ల. ఇన్‌లైన్ సిక్స్‌లో వేడి వైపంతా ఒక పక్క, చల్లగాలి వైపంతా ఇంకో పక్క ఉంటుంది. టర్బోలు, పొగ శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఒకే వైపు ఇంజనుకు అంటిపెట్టుకుని ఉంటాయి, త్వరగా వేడెక్కుతాయి. ఉద్గారాల నిబంధనలు బిగుసుకున్న ఈ రోజుల్లో అది పెద్ద లాభం. సిలిండర్‌కు అర లీటరు లెక్కన నాలుగు పెడితే రెండు లీటర్లు, ఆరు పెడితే మూడు లీటర్లు, ఒకే కుటుంబంగా తయారు చేసుకోవచ్చు. ఒకప్పుడు దీన్ని తోసేసిన ఫ్యాక్టరీ లెక్కే ఇప్పుడు వెనక్కి పిలిచింది.

మన ఊరి లారీల్లో ఉండేది ఇలాంటిదేనా?

అవును. మనవాళ్ళు చాలామంది ఈ శబ్దం వింటూనే పెరిగారు, పేరు తెలియదంతే. టాటా, అశోక్ లేలాండ్ పెద్ద లారీల్లో దశాబ్దాలుగా వరస ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్లే ఉన్నాయి. 1993లో టాటా, అమెరికా ఇంజన్ల కంపెనీ కమిన్స్ కలిసి జంషెడ్‌పూర్‌లో పెట్టిన కంపెనీ నుంచి వచ్చిన 5.9 లీటర్ల బీ సిరీస్ ఇంజను 1613 లాంటి లారీల్లోకి ఎక్కింది. అమెరికాలో డాడ్జ్ రామ్ పికప్‌లో 1989 మోడల్ నుంచి ఉన్నదీ ఆ కుటుంబపు ఇంజనే. విజయవాడ హైవే మీద వడ్ల బస్తాలు మోసినదానికీ, ఇక్కడ గుర్రాల ట్రైలర్ లాగేదానికీ చుట్టరికం ఉందన్నమాట. మన దగ్గర చిన్న పికప్‌లలో, అంటే బొలెరో పికప్ లాంటివాటిలో, నాలుగు సిలిండర్ల డీజిల్ సరిపోతుంది. ఆ బరువులకు ఆరు అక్కర్లేదు.

## ఏది కొనాలో తేల్చుకునేటప్పుడు

ఇప్పుడు ఏ ట్రక్కులో ఏ ఇంజను వస్తోంది?

మామూలు సైజు ట్రక్కుల సంగతి చెబుతాను. రామ్ 1500లో 2025 మోడల్ నుంచి 3.0 లీటర్ల ట్విన్ టర్బో ఇన్‌లైన్ సిక్స్, పేరు హరికేన్. 5.7 లీటర్ల హెమీ వీ8ను ఆ ఏడాది తీసేశారు, కొనేవాళ్ళు గోల చేయడంతో 2026 మోడల్‌కు మళ్ళీ తెచ్చారు. 3.6 లీటర్ల వీ6 కూడా ఉంది. షెవర్లే సిల్వరాడో 1500లో 2.7 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో, 5.3, 6.2 లీటర్ల వీ8లు, 3.0 లీటర్ల డీజిల్ ఇన్‌లైన్ సిక్స్ ఉన్నాయి. ఫోర్డ్ ఎఫ్-150లో ఇన్‌లైన్ సిక్స్ లేదు, 2.7, 3.5 లీటర్ల టర్బో వీ6లు, 5.0 లీటర్ల వీ8 ఉన్నాయి. టొయోటా టండ్రాలో 2022 నుంచి ట్విన్ టర్బో వీ6 ఒక్కటే, దానికే హైబ్రిడ్ రూపం కూడా ఉంది.

మూడు లీటర్ల ఇంజను 5.7 లీటర్ల వీ8 కన్నా ఎక్కువ లాగుతుందంటే నమ్మమంటారా?

అంకెలు చూడండి. హెమీ వీ8 ఇచ్చేది 395 హార్స్‌పవర్, 410 పౌండ్-ఫీట్ టార్క్, అంటే తిప్పే బలం. హరికేన్ మామూలు రకం 420 హార్స్‌పవర్, 469 పౌండ్-ఫీట్. పై రకం 540, 521. దాదాపు సగం సైజు ఇంజను ఎక్కువ ఇస్తోందంటే అది టర్బో పని. పొగతో తిరిగే చక్రం గాలిని బలవంతంగా లోపలికి కుక్కుతుంది, గాలి ఎక్కువైతే ఇంధనం ఎక్కువ మండించవచ్చు.

కానీ ఇది ఇన్‌లైన్ ఆకారం గొప్ప అనుకోకండి. ఫోర్డ్ 3.5 టర్బో వీ6 కూడా 400 హార్స్‌పవర్, 500 పౌండ్-ఫీట్ ఇస్తుంది. బలం టర్బోది, నున్నదనం ఆకారానిది. ఈ రెండూ కలిపేసి మాట్లాడటం వల్లే సగం గందరగోళం.

నేను ట్రైలర్ లాగాలి. ఇన్‌లైన్ సిక్స్ తీసుకోనా, వీ8 తీసుకోనా?

ముందు డ్రైవర్ తలుపు తెరిచి, చట్రం మీద అంటించిన పసుపు రంగు స్టిక్కర్ చదవండి. మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లకు మించకూడదో అందులో ఉంటుంది. చాలామందికి ఇంజను కన్నా ముందు అడ్డొచ్చేది ఆ అంకే.

ఉదాహరణకు స్టిక్కర్ మీద 1,500 పౌండ్లు ఉందనుకుందాం. మీ ట్రైలర్ 7,000 పౌండ్లు. అందులో పది నుంచి పదిహేను శాతం బరువు ట్రక్కు వెనక కొండీ మీద పడుతుంది, 12 శాతం వేసుకుంటే 840. ఇంట్లో నలుగురూ కలిసి 600. అప్పటికే 1,440 అయిపోయింది. ఇక మిగిలింది 60 పౌండ్లు. కూలర్ బాక్సులో ఐసు, నీళ్ళ సీసాలు, కొండీ ఇనుము పెడితే అదీ దాటింది. బ్రోషర్‌లో "11 వేల పౌండ్లు లాగుతుంది" అని ఉంటుంది, అదీ నిజమే, కానీ మీ కుటుంబాన్ని ఎక్కించుకుని కాదు.

స్టిక్కర్ సరిపోయాక ఇంజను మాట. టర్బో ఇంజన్లు, ఇన్‌లైన్ అయినా వీ6 అయినా, తక్కువ చుట్లలోనే లాగుడు అందిస్తాయి, ఎత్తు ఎక్కేటప్పుడు గేర్లు మాటిమాటికీ మారవు. కొలరాడో కొండలకు వెళ్ళేవాళ్ళకు ఇంకో లాభం: ఎత్తుకు పోయేకొద్దీ గాలి పల్చబడి టర్బో లేని వీ8 నీరసిస్తుంది, టర్బో ఆ లోటు చాలావరకు పూడుస్తుంది. ఏడాదికి నాలుగుసార్లు చిన్న ట్రైలర్ లాగేవాళ్ళు మాత్రం దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు, ఏదైనా సరిపోతుంది.

మైలేజీలో ఎంత తేడా ఉంటుంది?

పెట్రోల్ ఇంజన్ల మధ్య మీరు ఆశించినంత ఉండదు. టర్బో ఇంజను మెల్లగా నడిపితే పొదుపు చేస్తుంది, బరువు పెట్టి తొక్కితే వీ8లాగే తాగుతుంది. నిజంగా తేడా కనిపించేది డీజిల్ ఇన్‌లైన్ సిక్స్‌లో. 2020 సిల్వరాడో 3.0 డీజిల్, వెనక చక్రాలతో నడిచే రకానికి హైవే మీద గ్యాలన్‌కు 33 మైళ్ళని ప్రభుత్వ రేటింగ్. ఇంత పెద్ద ట్రక్కుకు అది చాలా ఎక్కువ.

అయితే ఆ డీజిలే తీసుకోనా? నా ఆఫీసు ఇంటికి ఆరు మైళ్ళే.

ఆరు మైళ్ళకు వద్దు. నేటి డీజిల్ పొగగొట్టంలో మసిని పట్టే వడపోత ఉంటుంది. ఆ మసిని అప్పుడప్పుడు బాగా వేడెక్కించి కాల్చేయాలి. దానికి కాసేపు ఆగకుండా హైవే మీద నడవాలి. ఇంజను వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తే వడపోత నిండిపోతూ ఉంటుంది, చివరికి వార్నింగ్ లైటు వెలుగుతుంది. పొగలో కలపడానికి డీఈఎఫ్ అనే ద్రవం కూడా పోస్తూ ఉండాలి. వారం వారం హ్యూస్టన్ వెళ్ళొచ్చేవాళ్ళకు, దూరాలకు ట్రైలర్ లాగేవాళ్ళకు మాత్రం ఈ ఇంజను బంగారం. మొదట 277 హార్స్‌పవర్, 460 పౌండ్-ఫీట్‌తో వచ్చింది, 2023లో 305, 495కు పెంచారు.

హెవీ డ్యూటీ ట్రక్కుల్లో కమిన్స్, కమిన్స్ అంటారు. ఏముంది అందులో?

రామ్ పెద్ద ట్రక్కుల్లో ఉండే డీజిల్ అది. పెద్ద ట్రక్కుల డీజిల్ పోటీలో ఇన్‌లైన్ సిక్స్ అదొక్కటే. ఫోర్డ్ 6.7 పవర్ స్ట్రోక్, జీఎం 6.6 డ్యూరామ్యాక్స్ రెండూ వీ8లు. 1989లో కమిన్స్ 5.9 వచ్చినప్పుడు ఇచ్చింది 160 హార్స్‌పవర్, 400 పౌండ్-ఫీట్. 2025లో దాని వారసుడు 6.7 ఇచ్చేది 430, 1,075. ఫోర్డ్ వీ8 పై రకం 500, 1,200తో ఇంకా ముందుంది. కాబట్టి అంకెల్లో గొప్పతనం వెతక్కండి.

గొప్పతనం ఎముకల్లో ఉంది. వరస ఇంజనులో ఒక్కో పిస్టన్ కడ్డీకి క్రాంక్ మీద సొంత జాగా ఉంటుంది, దానికి అటూ ఇటూ క్రాంక్‌ను మోసే మెయిన్ బేరింగ్. ఆరు సిలిండర్లకు ఏడు బేరింగ్‌లు. వీ8లో ఎనిమిదింటికి ఐదే, రెండేసి కడ్డీలు ఒకే జాగాను పంచుకుంటాయి. రోజంతా బరువు లాగే పనిలో ఆ ఎక్కువ బేరింగ్‌లే ఇంజనును కాపాడతాయి. అమెరికా హైవేల మీద తిరిగే పద్దెనిమిది చక్రాల పెద్ద లారీలన్నీ దాదాపు ఇన్‌లైన్ సిక్స్‌లే కావడానికి కారణం ఇదే. పనితోనే బతికేవాళ్ళు ఎంచుకున్న ఆకారం ఇది.

ఏది ఎక్కువ కాలం మన్నుతుంది? ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాటలో చెప్పలేను. ఆకారం చూసి మన్నిక చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. 2024 మేలో టొయోటా టర్బో వీ6 ఉన్న లక్షకు పైగా బండ్లను వెనక్కి పిలిచింది, ఇంజను తయారీలో మిగిలిన లోహపు రజను లోపల ఉండిపోయిందని. 2025 ఏప్రిల్‌లో జీఎం 6.2 లీటర్ల వీ8 ఉన్న దాదాపు 6 లక్షల బండ్లను పిలిచింది, క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ లోపాలతో. ఒకటి కొత్త వీ6, ఇంకొకటి అందరూ గుడ్డిగా నమ్మే పాతకాలపు తరహా వీ8. తప్పు ఆకారంలో లేదు, తయారీలో ఉంది.

ఇన్‌లైన్ సిక్స్‌కు పుట్టుకతో వచ్చిన మేలు ఉంది: వణుకు తక్కువ, బేరింగ్‌లు ఎక్కువ. దాని నెత్తిన రెండు టర్బోలు, అధిక పీడనపు ఇంజెక్టర్లు పెట్టాక ఆ మేలు కొంత ఖర్చయిపోతుంది. హరికేన్‌ను పాత ఫోర్డ్ 300తో పోల్చి "ఇన్‌లైన్ సిక్స్ కాబట్టి మూడు లక్షల మైళ్ళు పక్కా" అనడం తొందరపాటు. వచ్చి కొన్నేళ్ళే అయింది.

అన్నా, వీ8 శబ్దం లేకపోతే అది ట్రక్కేనా?

ఆ శబ్దం ఇష్టమైతే వీ8 కొనుక్కో తమ్ముడూ, అందులో తప్పేం లేదు. రోజూ రెండు గంటలు కూర్చునే బండిలో మనసుకు నచ్చడం కూడా లెక్కే. వీ8లో ఒక్కో వైపు సిలిండర్లు సమానమైన ఎడంతో మండవు, అందుకే ఆ గుడగుడ వస్తుంది. ఇన్‌లైన్ సిక్స్‌లో అన్నీ సమానమైన ఎడంతో మండుతాయి, శబ్దం ఒకే తీగలా సాగుతుంది. ఒకసారి రెండూ విని చూడు.

## బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు

టెస్ట్ డ్రైవ్‌లో ఇంజను గురించి ఏం గమనించాలి?

చల్లటి ఇంజనునే చూడాలి. మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకో అడగండి, ఇంకో రోజు వస్తానని చెప్పండి. స్టార్ట్ చేసిన మొదటి పది సెకన్లలో ఇంజను నిజం చెబుతుంది: చైను గలగల, టిక్ టిక్ శబ్దం, నీలం పొగ అన్నీ అప్పుడే బయటపడతాయి. తర్వాత గేరు డ్రైవ్‌లో పెట్టి బ్రేకు మీద కాలుంచి సీటు వణుకుతుందేమో చూడండి. మూత లేని నీళ్ళ సీసాను కప్ హోల్డర్‌లో పెట్టి నీటి పైభాగం చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. చివరగా బండి నంబరు, అంటే విన్, ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో కొట్టి, చేయించని రీకాల్‌లు ఉన్నాయేమో చూడండి. ఉచితమే, ఒక్క నిమిషం పని.

పాత ఫోర్డ్ 300 సిక్స్ ఉన్న ట్రక్కు దొరికింది. పొలం పనికి కొనచ్చా?

తుప్పు లేకపోతే కొనండి. ఇనుప బ్లాకు, ఇనుప హెడ్, ఏడు మెయిన్ బేరింగ్‌లు. క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పేది చైనూ కాదు, బెల్టూ కాదు, నేరుగా పళ్ళ చక్రాలు. 1987 నుంచి ఫ్యూయెల్ ఇంజెక్షన్, అంతకు ముందు కార్బ్యురేటర్. 150 హార్స్‌పవర్ లోపే, కానీ నిమిషానికి 2,000 చుట్ల దగ్గరే పూర్తి లాగుడు. ఒక్కటి చూసుకోవాలి: చాలావాటిలో క్యామ్ చక్రం శబ్దం రాకుండా ఫైబరుతో చేసింది. వయసు మీద పడ్డాక పళ్ళు విరగవచ్చు. పాత యజమాని లోహపు చక్రం వేయించాడేమో అడగండి. హైవే మీద వేగం కోసమైతే ఇది మీ బండి కాదు.

వీ ఇంజను ఉన్న సెకండ్ హ్యాండ్ ట్రక్కుల్లో ఏవి జాగ్రత్తగా చూడాలి?

2017-20 మధ్య ఎఫ్-150 3.5 వీ6లలో చల్లగా స్టార్ట్ చేసినప్పుడు క్యామ్ ఫేజర్ల (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే భాగాలు) గలగల వినిపిస్తుందేమో చూడండి. ఆ మరమ్మతు జరిగి ఉంటే కాగితం అడగండి. 5.7 హెమీలో టిక్ టిక్ వినిపిస్తే రెండు కారణాలు ఉండొచ్చు: ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టు విరగడం, లేదా వాల్వ్ లిఫ్టర్ అరగడం. మొదటిది భరించవచ్చు, రెండోది పెద్ద ఖర్చు. చెవితో తేల్చుకోవద్దు, డీలర్‌తో సంబంధం లేని మెకానిక్‌కు డబ్బిచ్చి చూపించండి.

## కొన్నాక

ఇంట్లోనే సర్వీసు చేసుకునేవాళ్ళకు ఏది సులువు?

ఇన్‌లైన్ సిక్స్, అందులో సందేహం లేదు. ప్లగ్గులన్నీ ఒకే వరసలో ఉంటాయి. నా పాత వీ8 ట్రక్కుకు ప్లగ్గులు మార్చిన ఆదివారం ఇంకా గుర్తుంది. ముందువి పావుగంటలో అయిపోయాయి. వెనక కొసన ఉన్నది బానెట్ కింద వెనక ఉండే ఇనుప గోడకూ ఇంజనుకూ మధ్య నక్కి కూర్చుంది. కంటికి కనబడదు, వేళ్ళతో తడిమి చూసుకోవాలి. రెండు పొడిగింపు కడ్డీలు, ఒక మడత జాయింటు తగిలించి, తువ్వాలు పరిచి దాని మీద బోర్లా పడుకుని ఒక్క ప్లగ్గు తీయడానికి గంటన్నర పట్టింది. మోచేతి మీద ఆ గీత ఇప్పటికీ ఉంది. హెమీ వీ8కు సిలిండర్‌కు రెండు చొప్పున పదహారు ప్లగ్గులు. హరికేన్‌కు ఆరు.

టర్బో వైపు పనులు మాత్రం ఏ ఇంజనులోనైనా ఇరుకే. ఇన్‌లైన్ సిక్స్‌లో అవన్నీ ఒక్క పక్కే ఉంటాయి కాబట్టి రెండో పక్క చేతికి కాస్త ఖాళీ దొరుకుతుంది.

ప్రీమియం పెట్రోలే పోయాలా?

మాన్యువల్ ఏం చెబితే అది. హరికేన్ పై రకానికి 91 ఆక్టేన్ సిఫారసు చేశారు. టెక్సాస్ బంకుల్లో మామూలుగా ఉండేవి 87, 89, 93 కాబట్టి 93 పోయాల్సి వస్తుంది, ఆ ఖర్చు నెలవారీ లెక్కలో ముందే వేసుకోండి. మామూలు రకాలకు తక్కువ ఆక్టేన్ నడుస్తుంది. ఆగస్టు ఎండలో బరువైన ట్రైలర్ లాగేటప్పుడు మాత్రం ఏ టర్బో పెట్రోల్ ఇంజనుకైనా మంచి పెట్రోల్ పోస్తే ఇంజను హాయిగా లాగుతుంది.

టర్బో ఇంజను కదా, ప్రత్యేకంగా ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ఆయిల్, ఆయిల్, ఆయిల్. టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగగలదు, దాన్ని కాపాడేది సన్నటి ఆయిల్ పొర ఒక్కటే. డాష్‌బోర్డు మీద "ఇంకా 20 శాతం ఉంది" అని చూపించినా, బరువు లాగే బండికి నేను 5,000 మైళ్ళకే మార్చేస్తాను. మాన్యువల్‌లో రాసిన గ్రేడే వాడాలి. జీఎం 3.0 డీజిల్‌కు డెక్సోస్-డీ అనే ప్రత్యేక ఆయిల్ కావాలి, షాపులో ఉన్న ఏదో ఒక డీజిల్ ఆయిల్ పోయనివ్వకండి. పొద్దున్నే స్టార్ట్ చేసి వెంటనే గట్టిగా తొక్కకండి. ట్రైలర్‌తో గుట్ట ఎక్కి ఆగినప్పుడు ఒకటి రెండు నిమిషాలు ఇంజనును అలా నడవనిచ్చి ఆపండి.

జీఎం డీజిల్‌లో ఏదో బెల్టు మార్చాలంటే గేర్‌బాక్సు దింపాలట. నిజమేనా?

నిజమే. ఆ 3.0 ఇన్‌లైన్ సిక్స్‌లో ఆయిల్ పంపును తిప్పేది ఇంజను వెనక భాగంలో ఉన్న ఒక బెల్టు. 2020లో వచ్చిన మొదటి రకానికి దాన్ని 1,50,000 మైళ్ళకు మార్చాలి, దానికి గేర్‌బాక్సు దింపక తప్పదు. ఇంత చక్కటి ఇంజనులో ఇలాంటి చోట బెల్టు పెట్టడం నాకు అస్సలు నచ్చలేదు. ఏడేళ్ళు వాడి అమ్మేసేవాళ్ళకు ఇది తగలకపోవచ్చు. 1,30,000 మైళ్ళు తిరిగిన బండిని సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నారంటే ఆ పని మీ నెత్తినే పడుతుంది. బేరంలో ఆ మొత్తం తగ్గించమని అడగండి. మార్చామని చెబితే బిల్లు చూపించమనండి, బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్కవేసుకోండి.